మీకు నచ్చిన సినిమాలు పది చెప్పగలరా?

మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. అది ఏడవ తరగతి చదువుతున్నది. ఒకనాటి రాత్రి భోజనాలయి అందరమూ వసారాలో కూర్చుని ఉండగా అది ఒక కాగితమూ, పెన్సిలూ తెచ్చి, "తాతయ్యా, నువ్వు పుట్టిన దగ్గిరనుంచీ చూసిన సినిమాలన్నిటిలోనూ నీకు బాగా నచ్చినవి పది చెప్పు. నేను రాసుకుంటాను," అన్నది.

ఇదేమంత పని అనుకున్నాను. మూడు పేర్లు గబగబా చెప్పాను. నాలుగో పేరు చెప్పటానికి కొంచెం ఆలోచించవలసి వచ్చింది. అయిదో పేరు చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే, నాలుక చివరిదాకా వచ్చిన ఆ పేరు నాకు నిజంగా నచ్చిన సినిమాది కాదు. అది చాలా గొప్ప సినిమా అని ఎవరో అనగా విని, నేను కూడా ముప్ఫయి ఏళ్ళుగా అందరితోనూ అలాగే అంటూ వచ్చాను. అంతే!

"ఏం తాతయ్యా, మరిచిపోయావా?" అన్నది మనవరాలు.

మరిచిపోలేదు. జ్ఞాపకం చేసుకుంటున్నాను. రెంటికీ తేడా ఉన్నది.

పిల్లలూ, మీరు కూడా ఒకసారి ఈ పని చేసి చూడండి. మీకు నచ్చిన మామిడిపండు ఏదంటే తడుముకోకుండా రసమనో, బంగినపల్లి అనో చెప్పేస్తారు. సినిమా సంగతి అంత సులువు కాదు. పెద్దపెద్దవాళ్ళు కూడా ఈ విషయంలో తికమక పడుతూ ఉంటారు.

లండనులో "సైట్ అండ్ సౌండ్" అనే సినిమా పత్రిక ఉన్నది. ఆ పత్రికవారు 1952 నుంచి పదేళ్ళకొకసారి సినిమా విమర్శకులను అడిగి, ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాల పట్టిక తయారుచేస్తున్నారు. అడగబడినవారు తలా పది పేర్లు రాసి పంపాలి. ఎవరు రాసినా ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఓటు. 1952లో మొదటి స్థానం "బైసికిల్ థీవ్స్" అనే ఇటలీ సినిమాకు వచ్చింది. అప్పటికి అది తీసి నాలుగేళ్ళే అయింది. 1962లో "సిటిజెన్ కేన్" అనే అమెరికా చిత్రం మొదటిదయింది. 1972, 1982, 1992, 2002 పట్టికలలో కూడా అదే మొదటిది. ఇక దీన్ని ఎవరూ కదల్చలేరనుకున్నారు. 2012లో "వెర్టిగో" అనే చిత్రం దాన్ని కిందికి తోసింది.

ఇందులో విచిత్రమేమిటంటే, "వెర్టిగో" కొత్త సినిమా కాదు. అది 1958లోనే వచ్చింది. 1962 పట్టికలోనూ, 1972 పట్టికలోనూ మొదటి పదింటిలో దాని పేరే లేదు! ఈ యాభై ఏళ్ళలో ఆ సినిమాలో ఒక్క బొమ్మ కూడా మారలేదు. చూసే కళ్ళు మారాయి. 2022లో పదహారు వందల మందికి పైగా ఓట్లు వేశారు. ఈసారి 1975లో షాంటల్ ఆకెర్మన్ అనే బెల్జియం దేశపు స్త్రీ తీసిన చిత్రం మొదటికి వచ్చింది. దాని నిడివి మూడు గంటల పైచిలుకు. అందులో ఒక ఇల్లాలు బంగాళాదుంపలు చెక్కు తీయటం కూడా తాపీగా చూపిస్తారు. పత్రికవారి పట్టికలో ఒక స్త్రీ తీసిన సినిమా మొదటిది కావటం అదే మొదలు.

మనవారు కూడా వెనకబడలేదు. 2013లో ఒక ఇంగ్లీషు టెలివిజన్ వార్తా సంస్థ భారతదేశపు సినిమాలలో ఏది గొప్పదో చెప్పమని ప్రజలను అడిగింది. మన "మాయాబజార్" మొదటిదిగా వచ్చింది. ఆ వార్త చదివి నేను చాలా సంతోషించాను. కాని నిజం చెప్పవద్దూ! ఓట్లు వేసినవారిలో మన తెలుగువారెందరో అని కూడా అనుకున్నాను.

ఇలా ఓట్లతో తేలేది పదిమంది మాట. మీకు నచ్చినది ఏదో అందులో తేలదు. దాన్ని ఎవరికి వారే తేల్చుకోవాలి. ఎలాగో చెప్పేముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

ఫిలిం చుట్టలున్న రోజుల్లో సినిమా అంటే వరసగా తీసిన చిన్నచిన్న బొమ్మలు. ఒక్క సెకండులో ఇరవైనాలుగు బొమ్మలు యంత్రంలోని దీపం ముందుకు వచ్చి, ఒక్కొక్కటీ ఒక్క క్షణం కదలకుండా నిలబడి, పోతాయి. ఒక బొమ్మ పోయి ఇంకొకటి వచ్చేటప్పుడు తిరిగే రేకు ఒకటి దీపానికి అడ్డం వస్తుంది. అందుచేత మనం సినిమా చూస్తున్నామనుకున్న కాలంలో దాదాపు సగంసేపు తెర చీకటిగానే ఉండేది! ఆ సంగతి మన కంటికి తెలిసేది కాదు. కన్నూ మెదడూ కలిసి ఆ బొమ్మలన్నిటినీ ఒకే కదలికగా అల్లుకునేవి. అడుగు ఫిలింలో పదహారు బొమ్మలు పడతాయి. ఇప్పుడు మీరే గుణించండి. మూడు గంటల సినిమాకు పదహారువేల రెండువందల అడుగుల ఫిలిం కావాలి. అంటే, దాదాపు అయిదు కిలోమీటర్లు. అందులో ఉండే బొమ్మలు 2,59,200.

ఇప్పటి హాళ్ళలో ఫిలిం చుట్టలు దాదాపు లేవు. అయినా బొమ్మల లెక్క చాలావాటికి మారలేదు, సెకండుకు ఇరవైనాలుగే.

మీకు నచ్చిందనుకున్న సినిమా ఒకటి తీసుకోండి. అది చూసి ఏడాదయినా అయి ఉండాలి. కళ్ళు మూసుకోండి. ఆ రెండున్నర లక్షల బొమ్మలలో మీకు ఎన్ని మిగిలాయో చూసుకోండి. కథ చెప్పవద్దు. కథ ఎవరైనా చెబుతారు. పాటలు కూడా వద్దు, అవి ఫోనులో రోజూ వింటూనే ఉంటాం. తెర మీద మీరు చూసినది ఏం మిగిలింది? నాకు తెలిసిన పరీక్ష ఇది ఒక్కటే.

ఈ పరీక్ష పెట్టేసరికి నా పట్టికలో ముందు పోయినది ఒక కత్తియుద్ధాల సినిమా. దాని పేరు చెప్పను, ఎందుకంటే దాన్ని ఇప్పటికీ ప్రాణప్రదంగా చూసుకునేవాళ్ళున్నారు. పదేళ్ళ వయసులో నేను దాన్ని మూడుసార్లు చూశాను. పేడు కర్రలతో కత్తులు చేసుకుని మా వీధి పిల్లలందరమూ యుద్ధాలు చేశాం. నలభయ్యో ఏట అది టెలివిజన్లో వస్తే ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టాను. అరగంట అయేసరికి నాకే ఆవులింతలు వచ్చాయి. జ్ఞాపకం ఉన్నది సినిమా కాదు, మా కర్ర కత్తులు!

"లవకుశ" సంగతి ఇంత తేలికగా తెగలేదు. 1963లో వచ్చిన ఆ సినిమా తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం. సి. పుల్లయ్యగారు 1934లో ఒకసారి ఇదే కథను సినిమాగా తీశారు. రెండోసారి రంగులలో మొదలుపెట్టారు గాని, డబ్బు చాలక మధ్యలో చాలాకాలం ఆగిపోయింది. పెద్దవాళ్ళు ఎన్నాళ్ళయినా ఆగగలరు. లవకుశులు వేసిన పిల్లలు ఎదగకుండా ఆగగలరా? చివరకు పుల్లయ్యగారి కుమారుడు సి. యస్. రావుగారు దాన్ని పూర్తి చేశారు.

నేను దాన్ని 1967 ప్రాంతంలో మా ఊరి టూరింగు టాకీసులో చూశాను. అది గుడ్డ డేరా. మైకులో భక్తిపాట వేస్తే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. నేల టిక్కెట్టుకు ఇసుకలో కూర్చోవాలి. ముందువాడి తల అడ్డం వస్తుందని పిల్లలందరమూ ఇసుకను కుప్ప చేసుకుని దానిమీద ఎక్కి కూర్చునేవాళ్ళం. వెనకవాడు ఇంకా పెద్ద కుప్ప చేసేవాడు. ఒక్కటే యంత్రం గనక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. అప్పుడు కుప్పల తగాదాలు తీర్చుకునేవాళ్ళం.

ఆ రాత్రి సీతను అడవిలో వదిలిపెట్టే ఘట్టంలో డేరా అంతా వెక్కిళ్ళు వినిపించాయి. నేను భయపడి మా అమ్మకేసి చూశాను. ఆమె ముఖం మీద తెర మీది రంగులు పడి మారుతున్నాయి. కాసేపు ఆకుపచ్చ, కాసేపు పసుపు. ఆమె కళ్ళు తుడుచుకోవటం కూడా మరిచిపోయింది. నాకు ఆ సినిమాలో మిగిలిన బొమ్మ ఇదే. మరి ఇది తెర మీది బొమ్మ కాదు గదా! నేను పెట్టిన నియమం ప్రకారం "లవకుశ" కూడా పోవలసిందే. కాని తొందరపడక, మళ్ళీ ఒకసారి చూశాను. ఈసారి అమ్మ పక్కన లేదు. ఇద్దరు పిల్లలు నిండు సభలో రాముడి కథ రాముడికే పాడి వినిపిస్తున్నారు. వినేవాడు తండ్రి అని వాళ్ళకు తెలియదు, పాడేవాళ్ళు కొడుకులని ఆయనకు తెలియదు. ఆ సభ నన్ను వదలలేదు. సినిమా పట్టికలో ఉండిపోయింది.

చార్లీ చాప్లిన్ తీసిన "గోల్డ్ రష్" (1925) విషయంలో నాకు ఏ సందేహమూ రాలేదు. దాన్ని నేను ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజుల్లో చూశాను. మంచుకొండల్లో చిక్కుకుని, తినటానికి ఏమీ లేక, చాప్లిన్ తన బూటును ఉడకబెట్టి తింటాడు. ఊరికే తినడు, పెళ్ళివారింట విందు భోంచేస్తున్నట్టు తింటాడు. బూటు మేకులను కోడిఎముకలు చీకినట్టు చీకుతాడు. హాలంతా నవ్వుతుంటే, నాకు నవ్వుతోపాటు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ బూటును అతిమధురంతో చేశారని తరవాత చదివాను. దగ్గు వస్తే మీ నాయనమ్మ బుగ్గన పెట్టుకోమని ఇచ్చే అతిమధురమే! సంగతి తెలిశాక కూడా ఆ బొమ్మలో ఆకలి తగ్గలేదు. అందులో మాటలు లేవు గనక మీలో ఎవరు చూసినా అర్థమవుతుంది.

ఇక "మాయాబజార్". దీన్ని గురించి నేను ఒక తప్పు చెప్పుకోవాలి.

1957లో కె. వి. రెడ్డిగారు తీసిన ఈ చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. ఘటోత్కచుడుగా ఎస్. వి. రంగారావుగారు కూర్చుని ఉంటే లడ్లు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోతాయి. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రిగారు ఆడపిల్ల రూపంలోనే రాక్షసుడి నడక నడుస్తారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే బొమ్మరిళ్ళతో ద్వారకను కట్టించి, దీపాలు వెలిగించి, నిజం పట్నంలా చూపించాడు. ఇది పాండవుల ఇంటి కథే గాని, మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కరు కూడా కనబడరు. ఎప్పుడైనా గమనించారా?

నేను గమనించాను, అదే చిక్కు తెచ్చింది. 1986లో నేను ఏడవ తరగతికి తెలుగు చెబుతున్నాను. పరీక్షలో "నాకు నచ్చిన సినిమా" అని వ్యాసం ఇచ్చాను. ఒక కుర్రవాడు "మాయాబజార్" గురించి మూడు పేజీలు రాశాడు. చాలా బాగా రాశాడు. కాని ఘటోత్కచుడు ఎర్ర జరీ చొక్కా తొడుక్కున్నాడనీ, ధర్మరాజు ఒక మూల నిలబడి తెల్లగడ్డం నిమురుకుంటున్నాడనీ రాశాడు. ఆ సినిమా నలుపు తెలుపుల్లో తీసినది. అందులో ధర్మరాజే లేడు! నేను ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, కాగితాలు పంచేటప్పుడు వాణ్ణి నిలబెట్టి, "నువ్వు ఈ సినిమా చూశావా, లేదా?" అని అడిగాను.

వాడు కాసేపు ఊరుకుని, "విన్నానండి," అన్నాడు.

తరగతి అంతా గొల్లుమన్నది. నేను కూడా నవ్వాను.

వాడు చెప్పినది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో రేడియోలో సినిమాను కుదించి, మాటలూ పాటలూ మాత్రమే వినిపించే "సంక్షిప్త శబ్దచిత్రం" అనే కార్యక్రమం వచ్చేది. వాడు సెలవునాడు మేనమామ టీకొట్టులో గ్లాసులు కడుగుతూ దాన్ని విన్నాడు. మిగిలినదంతా వాడే చూసుకున్నాడు. చొక్కాకు రంగు వేసుకున్నాడు, ధర్మరాజుకు గడ్డం పెట్టుకున్నాడు. ఈ సంగతి నాకు వారం తరవాత వాడి మేనమామ చెప్పగా తెలిసింది. మార్కులు దిద్దుదామంటే పరీక్ష కాగితాలు అప్పటికే కట్టగట్టి పంపేశారు. వాణ్ణి పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. "ఫరవాలేదండి," అన్నాడు. కాని ఆ ఏడాది పొడుగునా వాడు ఏ వ్యాసమూ అయిదు వాక్యాలకు మించి రాయలేదు.

ఆ మరుసటి ఏడు వినాయకచవితి పందిట్లో వీడియో మీద "మాయాబజార్" వేశారు. తెల్లవార్లూ కూర్చుని వాడు కూడా చూశాడు. మర్నాడు బడి దగ్గిర కనిపిస్తే, ఎలా ఉన్నదని అడిగాను.

"బాగుంది మేస్టారూ. కాని ధర్మరాజు లేడండీ," అన్నాడు. వాడి ముఖం చూస్తే నిజంగానే ఎవరో దగ్గిరివాడు శుభకార్యానికి రానట్టుగా ఉన్నది.

2010లో ఆ సినిమాకు రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. నేను వెళ్ళి చూశాను. చూస్తున్నంతసేపూ నాకు ఎర్ర జరీ చొక్కాయే కళ్ళకు కట్టింది. బాగుందనో, బాగులేదనో చెప్పటానికి మనసు ఒప్పలేదు.

నా పట్టికలో నాలుగోది "పథేర్ పాంచాలీ" (1955). ఇది బెంగాలీ సినిమా. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల చిత్రాలు వేసే రోజుల్లో చూశాను. ఒక్క మాట అర్థం కాలేదు. కింద ఇంగ్లీషులో అక్షరాలు వేసేవారు గాని, అవి చదివితే బొమ్మ పోతుంది, బొమ్మ చూస్తే అక్షరాలు పోతాయి. చివరకు అక్షరాలు వదిలేశాను. దుర్గ, అపూ అనే అక్కాతమ్ముళ్ళు తెల్లని రెల్లుపూల మధ్య నుంచి పరిగెత్తి రైలును చూస్తారు. నాకు అది చాలు.

దీన్ని తీసిన సత్యజిత్ రాయ్ కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో బొమ్మలు వేసేవారు. 1950లో లండను వెళ్ళినప్పుడు "బైసికిల్ థీవ్స్" చూశారు. ఇందాక చెప్పుకున్నామే, ఆ ఇటలీ సినిమాయే. తాను కూడా సినిమా తీయాలని అప్పుడే గట్టిగా అనుకున్నారు. 1952లో మొదటిరోజు రెల్లుపొదల్లో సగం దృశ్యం తీశారు. వారం తరవాత మిగిలిన సగం తీద్దామని వెళితే అక్కడ ఒక్క పువ్వు లేదు! ఈలోగా పశువులు మేసేశాయి. ఇక చేసేదేమున్నది? మళ్ళీ రెల్లు పూసేదాకా ఆగారు. డబ్బు అయిపోతే ఆయన భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సొమ్ము ఇచ్చి ఆదుకున్నది. "పథం" అంటే దారి గదా, అందుకని ఆ ఖర్చును రోడ్ల పద్దు కింద రాశారట!

1993లో లండనులో అగ్నిప్రమాదం జరిగి ఈ సినిమా అసలు నెగెటివు కాలిపోయింది. కాలగా మిగిలిన ముక్కలను దాచి ఉంచారు. చాలా ఏళ్ళ తరవాత ఇటలీలోని బొలోన్యా నగరపు పనివాళ్ళు వాటిని చేత్తో అంగుళం అంగుళం బాగు చేశారు. చెడిపోయిన చోట్ల ఇతర ప్రతులనుంచి తీసి అతికారు. 2015లో అది మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఎక్కడో కొందరు దాన్ని తమ పట్టికలో రాసుకున్నందువల్లనే కదా ఆ పిడికెడు బూడిద పారవేయకుండా ఉన్నారు!

అందరికీ ఈ అదృష్టం పట్టదు. మన దేశంలో మొట్టమొదటి మాట్లాడే సినిమా "ఆలం ఆరా". అది 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయింది. "మిస్సమ్మ" తీసిన మన ఎల్. వి. ప్రసాద్‌గారు కుర్రతనంలో అందులో చిన్న వేషం వేశారు. ఈ రోజున దాని ప్రతి ఒక్కటి కూడా దొరకటం లేదు. అప్పటి ఫిలిం త్వరగా అంటుకునే జాతిది. కొన్ని కాలాయి, కొన్ని చెడాయి, కొన్నిటిని వెండికోసం కరిగించారు. ఆ సినిమా చూసి ఇంటికి వెళ్ళిన వాళ్ళలో ఎవరికి ఏ బొమ్మ మిగిలిందో చెప్పేవారు కూడా ఇప్పుడు లేరు.

మీ పట్టిక మీరు రాసేటప్పుడు పైన తారీకు వేయండి. ఒక్కొక్క పేరు పక్కన, మీకు మిగిలిన బొమ్మ ఏదో ఒక్క వాక్యం రాయండి. వాక్యం రాకపోతే ఆ పేరు కొట్టేయండి. పక్కవాడి పట్టిక చూసి నవ్వవద్దు. పది నిండకపోతే దిగులుపడవద్దు. వచ్చే ఏడు మళ్ళీ రాసి, పాతదాన్ని పక్కన పెట్టుకుని చూడండి.

ఆ రాత్రి నేను నాలుగు పేర్లు చెప్పి ఊరుకున్నాను. మా మనవరాలికి ఇది నచ్చలేదు. "పది అన్నాను కదా తాతయ్యా!" అని, కాగితం మీద అయిదు నుంచి పది దాకా అంకెలు వేసి, పక్కన ఖాళీ వదిలి, బీరువా తలుపు మీద అంటించింది. దాని పట్టికలో పదకొండు ఉన్నాయి. అందులో మూడు నేను చూడలేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నాకు వాటిని చూపిస్తానన్నది.